దవడ తోలుతోని వచ్చిన చూపు

ఇది నేను చేత్తోని రాసింది కాదు, ఫోన్‌కు చెప్పింది. నేను మాట్లాడితె అదే రాసుకుంటది, తప్పులుంటె నా బిడ్డ రేణుక సరిజేస్తది. సోలాపూర్ భవాని పేట్‌ల మా గల్లిల అందరికి నా సంగతి సగం సగం ఎరుక. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగ చెప్పుకుంటున్నరు. పక్కింటి నర్సుబాయి వదినైతె నాకు బర్రె కన్ను పెట్టిన్రని కూరగాయల బండి కాడ చెప్పిందట. బర్రెది కాదు వదినా. నా కంట్ల ఇప్పుడున్నది నా నోటి తోలే. అది ఆడిదాక ఎట్ల పోయిందో, పోకముందు నేను ఎంత పాడుపని చేసుకున్ననో అంత చెప్త. ఇంకొక ఆడమనిషి నా తీరు చేయొద్దని చెప్తున్న. చెప్పకుంటె నా కడుపుల కూడ ఆగేటట్టు లేదు.

శివరాత్రి ముందటి వారం

మా ఆయన దాజీ పేట్‌ల ఒక రంగు కార్ఖానాల పని చేస్తడు. చద్దర్లకు, టవాళ్ళకు పోయే నూలుకు ఆడ రంగేస్తరు. నేను ఇంట్ల బీడీలు చేసేది, పగటీలి అన్నం డబ్బ తీస్కపోయి ఆయనకిచ్చి వచ్చేది. ఆ దినం ఒక మనిషి పనికి రాలే. "ఏమే, జరంత గీ నూలు లడీలు అందియ్యి" అన్నడు మా ఆయన. అందిచ్చిన. డ్రమ్ముల ఒక లడీ చుట్ట మునిగిపోతె కట్టెతోని తీయనీకి వంగిన. నేను వంగింది ఆయన చూడలే, ఆయన కాస్టిక్ సోడా మందు పోస్తున్నది నేను చూడలే. బుస్సుమని లేచి రెండు కండ్లల్ల పడ్డది.

మిరపకాయ పడ్డట్టుంటదేమో అనుకుంటరు. కాదు, కండ్లల్ల పొయ్యి పెట్టినట్టుంటది. నేను మొత్తుకున్న మొత్తుకుడు పక్క కార్ఖానాల బట్ట నేసే సాంచాల చప్పుడును దాటి పోయిందట. "కాయ్ ఝాలం, కాయ్ ఝాలం" ఏమైంది ఏమైంది అనుకుంట మరాఠోళ్ళు ఉరికొచ్చిన్రు. రెండు చెంబుల నీళ్ళు మొఖాన కొట్టిన్రు. ఎవరో పాలు పొయ్యిమన్నరు, పాలు పోసిన్రు. తడిగుడ్డ కట్టి ఆటోల వేసిన్రు. అందరు మంచి మనసుతోనే చేసిన్రు. కని దవాఖానల చెప్పిన మాట మీకు చెప్తున్న, యాదిల పెట్టుకోండ్రి: గుడ్డలు కట్టొద్దు, పాలు పొయ్యొద్దు. నల్ల కింద తలకాయ పెట్టి, కండ్లు తెరిపిచ్చి, అర్ధగంట ఊకెనే కడుగుతనే ఉండాలె. ఎంత మొత్తుకున్నా ఇడువొద్దు. నన్ను రెండు నిమిషాలకే ఇడిచిన్రు.

సోలాపూర్ దవాఖానల పదిహేను దినాలున్న. నొప్పి తగ్గింది కని చూపు రాలే. డాక్టర్ సాబ్ మా ఆయనను పక్కకు పిలిచి చెప్పిండు, పక్కకంటె ఎంత దూరం, నాకు అంత వినవడుతనే ఉన్నది. నల్లగుడ్డు చుట్టు ఒక అంచు ఉంటదట. ఆ అంచుల కెళ్ళి కంటి మీదికి కొత్త పొర పుడుతనే ఉంటదట. నాకు రెండు కండ్లల్ల ఆ అంచే కాలిపోయింది. "చచ్చిపోయినోళ్ళ కన్ను పెట్టరా సాబ్?" అని అడిగిండు మా ఆయన. "పెట్టినా నిలువదు. పైన కొత్త పొర పుట్టకుంటె అది కూడ తెల్లగై పోతది" అన్నడు డాక్టర్. 

ఎండాకాలం

ఇంటికి తెచ్చిన్రు. తెల్లారిందో లేదో కోళ్ళు కూస్తె, సాంచాలు షురూ ఐతె తెలుసుకునేది. నాకు కనవడేది ఒక్కటే, ఉడుకుడుకు పాలు మొఖం మీద కప్పినట్టు తెల్లగ. చీకటైతదనుకుంటరు గుడ్డితనమంటె. నాదంత తెల్లదనమే. తెల్ల రంగు మీద నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను.

మా ఆయన నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. అన్నం తినిపిస్తడు, తల దువ్వుతడు, సందు సందుగ పాపిడ తీస్తడు, నోట్లకెళ్ళి మాట రాదు. ఒకనాడు నేనే గెలికిన. "ఏమయ్యా, మూగదాన్ని పెండ్లి చేసుకున్నవా, లేకుంటె నువ్వేమన్న మూగోనివైనవా?" అన్న. "నీ కండ్లు నేనే తీసిన గద" అన్నడు. గప్పుడు నేను "కాదయ్యా, నా నసీబు" అనాలె. అనలే. "అవు, నువ్వే తీసినవు" అన్న. చేతుల గిన్నె కింద పెట్టి లేచి పోయిండు. ఆ మాట నేను మళ్ళ వాపసు తీసుకోలేకపోయిన. అన్న మాటకు కడుగుడు ఉండదు.

రేణుక అప్పుడే పన్నెండో తరగతి పరీక్షలు రాసింది. దినాం నా పక్కన కూసోని బీడీ ఆకు కత్తిరిచ్చేది. ఆకు కత్తిరిచ్చుడుకు కండ్లు కావాలె. చుట్టుడుకు అక్కరలేదు. తంబాకు పొయ్యి, చుట్టు, మూతి మూయి, దారం కట్టు, అన్ని వేళ్ళకే ఎరుక. నా ఒళ్ళ బీడీల చాట ఉన్నంతసేపు నేను కూడ మనిషినే అనిపిచ్చేది. చాట పక్కకు పెడితె ఇగ ఏడుపే. "ఎందుకు బతికిన్నవ్వా" అని పోయిన మా అమ్మను యాదిచేసుకొని దినాం ఏడ్చేది. ఒకనాడు మెట్ల కాడికి తడుముకుంట పోయిన. మాది రెండో మాళా, రెండో అంతస్తు. ఎందుకు పోయిన్నో రేణుకకు తెలిసింది, నాకూ తెలుసు. ఆమె నా కొంగు పట్టుకొని కూసుండిపోయింది, పట్టు ఇడువలే.

మిరుగం

మొదటి వాన పడ్డ నాడు రేణుక ఫోన్ పట్టుకొని ఉరికొచ్చింది. "అమ్మా, ఇను. మరాఠీల వచ్చింది. ఒంట్ల తోలు పేశీ తీసి, సీదా ఇంకో రకం పేశీ చేస్తరట." మరాఠీల పేశీ, తెలుగుల కణం అంటరట. "తోలు కణాన్ని ఎనుకకు చిన్నపిల్ల కణం చేసుడు కూడ అక్కర లేదట. పెద్దగైన కణాన్నే సీదా మార్చుడు. గుండె కణం చేస్తున్నరు, నరం కణం చేస్తున్నరు. మరి కంటి కణం ఎందుకు చేయరు?"

నాకు సగమే సమజైంది. కని ఆ సగంతోనే నేను లేచి కూసున్న. నా తొడ మీద తోలు మస్తున్నది, తీసుకోని. వీపు తోలు తీసుకోని. మా ఆయన ఆ దినం ఎన్ని దినాలకో నోరు తెరిచిండు. "నాది తీసుకోమందాం" అన్నడు. ముగ్గురం అదే మాట తిప్పి తిప్పి మాట్లాడుకున్నం. ఆశ పుట్టినంక భయం కూడ పుట్టింది. అంతకుముందు పోయేదేముండె?

రైలెక్కి హైదరాబాద్ పోయినం. ఒక పెద్ద కంటి దవాఖాన. హాలుల కుర్చీలు ఇనుపవి. పొద్దుగాల చల్లగుంటయి, పగటీలికి మనుషుల వేడికి గోరువెచ్చగైతయి. నాకు టైమ్ గట్లనే తెలిసేది. నా పక్కన జగిత్యాల దిక్కు ముసలాయన కూసున్నడు. ఆయన కంట్ల సున్నం పడ్డదట. మా ఆయన గొంతు వణుకుడు విని, "మీరు దూరంకెళ్ళి వచ్చినట్టున్నరు, ముందుగాల మీరే పోండ్రి కొడుకా" అని తన నంబర్ మాకిచ్చిండు. ఆయన మొఖం నేను చూడలే. ఆయన పేరు అడగాలని కూడ తోచలే, ఎంత పరేషాన్ల ఉన్ననంటె.

డాక్టర్ మేడం ముందర రేణుక ఫోన్ పెట్టింది. మేడం నవ్వలే. అది నాకు నచ్చింది.

"నువ్వు చదివింది అబద్ధం కాదమ్మా," అన్నది. "తోలు కణం తోలుగానే, నరం కణం నరంగానే ఉండిపోతుంది, ఒకసారి పెద్దదైతే ఇక మారదు అనుకునేవాళ్ళం. మారుతుందని తర్వాత తెలిసింది. ల్యాబులో దాని లోపల నిద్రపోతున్న కొన్నింటిని తట్టి లేపితే, నేరుగా ఇంకో పనిలోకి దిగుతుంది. కంటి పైపొర లాంటి కణాన్ని కూడా చేసి చూశారు. కానీ అదంతా ఇంకా గాజు గిన్నెల్లోనే. మనిషి కంట్లో పెట్టి, ఇది నిలుస్తుంది, గడ్డగా మారదు అని నేను ధైర్యంగా చెప్పే రోజు రాలేదు."

"మామీదనే చేసి చూడుండ్రి మేడం," అని మా ఆయన చేతులు జోడిచ్చిండట. "సంతకం పెడ్త. ఆమెదొద్దు, నా తోలు తీసుకోండ్రి. ఎంతన్న తీసుకోండ్రి."

"మీ తోలు ఆమె ఒంటికి పడదు, అన్నా. మీ సంతకమున్నా నా చెయ్యి ఒప్పుకోదు."

 ఇగ లేద్దామనుకున్న. గప్పుడు మేడం అన్నది: "దానికి దగ్గరిది ఒకటుంది. అది మేం చేస్తున్నాం. బుగ్గ లోపలి పొర ఒక చిన్న ముక్క తీస్తాం. ల్యాబులో రెండు వారాలు పెంచి కంటి మీద పరుస్తాం. కణాన్ని మేం మార్చం. కంటి మీదికి పోయాక అదే కొంత మారుతుంది, కొంత మారదు. నోటి పొరే కంటి పని చేస్తుంది. పూర్తి చూపు వస్తుందని చెప్పను."

నేను ఏడ్చిన. కండ్లల్ల నీళ్ళొస్తె మంటయితది, ఐనా ఏడ్చిన. రేణుక నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

ఒక చిన్న డాక్టర్ వచ్చి ఫారం నింపిండు. షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుకుంట, "పొగాకు, గుట్కా, సిగరెట్ ఏమన్నా అలవాటుందా?" అన్నడు.

"లేదు" అన్న.

"మా ఇంటామె ఆకు వక్క కూడ ముట్టది సార్" అని మా ఆయన గొప్పగ చెప్పిండు. బీడీలు చేస్తనని చెప్పినం. చిగుర్లు జర నల్లగున్నయని ఆయన అంటె, "మా దిక్కు ఆడోళ్ళకు అందరికి గట్లనే ఉంటయి" అన్న. దేవుని మీద ఒట్టు, నేను అబద్ధం చెప్పలే. నాకు తెలిసింది చెప్పిన.

ఆషాఢం

దవడ లోపట ముక్క తీసిన్రు. గోరంత. నొప్పి పెద్దగ కాలే. ఇగ రెండు వారాలు ఆగాలె. వార్డులనే ఒక మంచమిచ్చిన్రు. నా తోలు ఎక్కడో గిన్నెల పెరుగుతున్నదని తలుచుకుంట పడుకునేది. కడుపుతోని ఉన్నప్పుడు ఎట్ల ఆలోచన చేసేదో గట్ల. ఇయాల ఎంతైందో, తిన్నదో లేదో. రేణుకకు చెప్తె నవ్వింది. "నాకు చెల్లె పుడుతున్నది" అన్నది.

ఐదో దినం మేడం వచ్చి మంచం మీద కూసున్నది. డాక్టర్ వచ్చి మంచం మీద కూసున్నదంటె మంచిమాట కాదు, అది నాకు అప్పటికే ఎరుక. కణాలు పెరగలే. చచ్చిపోయినయి. ఎందుకో ఇంక తెల్వదన్నది.

మా ఆయన బయటికి పోయి గోడకు తల కొట్టుకున్నడట. నేను ఏం చేయాల్నో తెల్వక లేచి మొఖం కడుక్కునే కాడికి తడుముకుంట పోయిన. రొండి కాడ చీరల చెక్కుకున్న డబ్బీ తీసిన. వేలితోని ఇంత పొడి తీసి చిగుర్లకు, దవడల సందుకు రుద్దుకున్న. జరంత జీవమొచ్చినట్టైంది. పక్కన వార్డు సిస్టర్ నిలవడ్డదని నాకేం ఎరుక? ఆమెది కరీంనగర్. మాది కూడ ముత్తాతల కాలంల ఆ దిక్కే అని మొదటి దినం సంది నన్ను మంచిగ చూసుకునేది.

"ఏందక్కా అది?"

"మషేరి. పండ్లు తోముకుంటున్న."

"దేంతోని చేస్తరు?"

"తంబాకును పెనం మీద నల్లగ మాడ్చి పొడిగొట్టుడు. ఎందుకు?"

 "మరి పొగాకు అలవాటు లేదని రాపిచ్చినవు గదనే అక్కా!"

"గిది అలవాటెట్లయితది? పండ్లపొడి గద."

మీరు నవ్వొచ్చు. మా గల్లిల ఏ ఇంటామెనన్న అడుగుండ్రి, తంబాకు తినవా అంటె ఛీ ఛీ అంటది. నాకు పన్నెండేండ్లప్పుడు పన్ను నొస్తుంటె మా అమ్మ తన వేలితోనే పెట్టింది. నొప్పి పోయింది, మషేరి ఉండిపోయింది. పొద్దుగాల పెట్టుకుంటె గని దొడ్డికి రాదు, పగటీలి పెట్టుకుంటె గని చేతులు ఆడయి. "దినాం నాలుగుసార్లు ఎవలన్న పండ్లు తోముకుంటరా అక్కా?" అని సిస్టర్ మేడంను పిలవనీకి పోయింది.

మేడం నా నోట్ల రెండువేళ్ళు పెట్టి దవడంత ఒత్తి చూసింది. ఆమెకు కోపం వస్తదనుకున్న, అలసట వచ్చినట్టున్నది. "అమ్మా, మేం నీ నోటి పొరతో కంటి పని చేయించాలని చూస్తున్నాం. నువ్వేమో ముప్పై ఏళ్ళ నుంచి దాన్ని మడమ తోలుగా మారుస్తున్నావు. కణం మారుతుందా అని నీ బిడ్డ అడిగింది కదా. ఇదిగో, మారింది." నా వేలు పట్టి నా దవడకే తాకిచ్చింది. గరుకుగ ఉన్నది. మడిమ లెక్కనే ఉన్నది. నా నోరే నాకు తెల్వదా ఇన్నేండ్లు?

"కణాలు దీంతోనే చచ్చిపోయాయని ఒట్టేసి చెప్పలేను. కానీ ఈ బుగ్గ నుంచి నేను మళ్ళీ తీయను. ఇంకో మాట. తెల్లగా ఉన్న చోట ముక్క పరీక్షకు పంపాలి." ఏం పరీక్ష అని ఎవరం అడగలే. అడగకున్నా తెలిసింది.

ఆ పరీక్ష వచ్చేదాక ఎనిమిది దినాలు. ఆ ఎనిమిది దినాల గురించి ఎక్కువ చెప్పను. మా ఆయన ఒక్కసారి అరిచిండు: "కండ్లు నేను తీసిన్నని ఇన్ని దినాలు చస్తుంటిని. వచ్చే కండ్లను నువ్వు తీసుకున్నవు గదనే!"   ఆయన అన్నది నిజమే. క్యాన్సర్ కాదని వచ్చింది. కాదు కని ఆ తొవ్వలనే ఉన్నదని, ఇడిచిపెడితె ఎనుకకు మర్లొచ్చని చెప్పిన్రు. ఆర్నెల్లు మషేరి ముట్టొద్దు, బీడీ తంబాకు దుమ్ము కాడ కూడ కూసోవద్దు. ఆర్నెల్లకు రమ్మన్నరు.

రాఖీ పున్నమి కాడికెళ్ళి

ఇంటికొచ్చినంక డబ్బీ మా ఆయన మోరీల పారేసిండు. మొదటి వారం నా తలకాయ పలిగిపోయింది. కడుపు గట్టివడ్డది. అన్నం గడ్డి తీరు. మంచిగ మాట్లాడొచ్చినోళ్ళను గూడ తిట్టిన. చేతులకు పని లేదు, చాట నా ఒళ్ళకెళ్ళి తీసేసిన్రు. బీడీ పని బంద్ చేస్తె ఇల్లు నడువది, అందుకని నా జాగల రేణుక కూసున్నది. కాలేజ్ ఈ ఏడు ఆపుతనన్నది, వచ్చే ఏడు పోతనన్నది. వద్దని అనాలె నేను. "మంచిది బిడ్డా" అన్న. నా కండ్లు తప్ప నాకు ఇంకేం పట్టలే, నిజం చెప్తున్న.

కార్తీకంల తప్పు చేసిన. నర్సుబాయి వదిన ఇంట్ల మషేరి మాడ్చుతున్నది, ఆ వాసన గోడ దాటి వచ్చింది. నోట్ల నీళ్ళూరినయి. ఇంట్ల ఎవరు లేరు. గోడ పట్టుకొని పోయి, "వదినా, జరంత" అన్న. ఆమెకు పాపం ఏం తెలుసు, పిడికెడు ఇచ్చింది. పదకొండు దినాలు పెట్టుకున్న. పెట్టుకునుడు, ఉప్పునీళ్ళతోని కడుక్కునుడు. దొంగతనం చేసినట్టె ఉండె. పన్నెండో దినం నా వేలు దవడకు పెట్టి చూసుకున్న. మెత్తవడుతున్న జాగ మళ్ళ గరుకైంది. గప్పుడు భయమై ఇడిచిన, మళ్ళ ముట్టలే.

ఆర్నెల్లు నిండినయి, హైదరాబాద్ పోయినం. మేడం చూసి, మంచిగైందన్నది, రేపు ముక్క తీస్తనన్నది. అందరు సంతోషమే.  మొదటిసారి తెల్వక చెప్పలే, ఇప్పుడు తెలిసి చెప్పకుంటె? ఇది కూడ చచ్చిపోతె మూడోసారి ఎవరిస్తరు? "మేడం, నడుమ పదకొండు దినాలు పెట్టుకున్న" అన్న.

మా ఆయన నా చెయ్యి గిచ్చిండు. బయటికొచ్చినంక, "ఎందుకు చెప్పినవే? మంచిగైందని ఆమెనే అన్నది గద! నీ నోరు నీకే దుష్మన్!" అని ఏడ్చిండు. మేడం ఇంకో మూడు నెలలు ఆగమన్నది. మళ్ళ రైలు, మళ్ళ ఇల్లు, మళ్ళ ఆ తెల్లదనం. ఆ మూడు నెలలల్ల చాలాసార్లు అనుకున్న, చెప్పకుంటె ఐపోయేది గద, నేను ఎంత తెలివితక్కువదాన్ని అని. ఇప్పుడు కూడ నాకు తెల్వదు, చెప్పకున్నా కణాలు పెరిగేటియేమో. ఎవరు చెప్తరు?

మళ్ళ ఎండాకాలం

ఈసారి రేణుక బీడీల కోసం ఇంట్లనే ఉన్నది. దవడకు ఇంకో దిక్కు ముక్క తీసిన్రు. ఈసారి గిన్నెల తోలును నేను తలువలే. తలిస్తె దిష్టి తాకుతదని భయం. ఐదో దినం మేడం వస్తున్న చెప్పుల చప్పుడు వినవడ్డది. నేను దుప్పటి మొఖం మీదికి లాక్కున్న. ఆమె మంచం మీద కూసోలే. నిలవడే చెప్పింది: "పెరుగుతున్నాయమ్మా." సిస్టర్ నా కాళ్ళు పట్టుకొని ఊపింది. నేను దుప్పటి తీయలే, శానాసేపు.

కుడి కంటికి చేసిన్రు. కట్టు ఇప్పిన నాడు ముందుగాల ఏం లేదు, అదే తెల్లదనం.  "ఆగమ్మా, తొందరొద్దు" అన్నది మేడం. ఐదారు వారాలు పట్టింది. తెల్లదనంల ఒక నీడ, నీడకు ఒక అంచు, అంచుకు ఒక రంగు. ఒకనాడు మేడం మొఖం ముందర వేళ్ళు పెట్టి ఎన్ని అన్నది. "మూడు" అన్న. మా ఆయన గట్టిగ అరిచిండు, హాలుల ఉన్నోళ్ళందరు తిరిగి చూసిన్రట. ఆయన చొక్కా నీలిదని కూడ చెప్పిన. కాదు, ఆకుపచ్చదట. ఐతేంది?

జానెడు దూరం మంచిగ కనవడ్తది. దాని అవతల రంగులు, నీడలు. నా కంటి మీద తోలు పూరా కంటిదైతె కాలేదట, సగం నోరు, సగం కన్ను. పనైతె చేస్తున్నది. ఎడమ కంటికి ఏడాది తర్వాత చేయొచ్చన్నరు, దానికి దవడ మళ్ళ మంచిగుండాలె. అప్పటిదాక మషేరి, తంబాకు దుమ్ము రెండు దగ్గరికి రానీయొద్దు, ఈసారి తప్పితె ఇగ లేదు అని గట్టిగ చెప్పి పంపిన్రు.

ఇప్పుడు

ఇంటికొచ్చి పది దినాలైంది. దినాం నాలుగుసార్లు కంట్ల మందు చుక్కలు వేయాలె. రేణుకనే వేస్తది. ఏడాదిన్నర తర్వాత నా బిడ్డ మొఖం నేను చూసింది ఆ చుక్కలు వేసేటప్పుడే, జానెడు దూరంల. చిన్నపిల్లను ఇడిచిపెట్టిన, పెద్దమనిషి కనవడ్డది. కండ్ల కింద నల్లగ. మొన్న పొద్దుగాల చుక్కవేసి నవ్వింది. కింది పండ్ల మొదలు కాడ నల్ల గీత.

"నోరు తెర్వు" అన్న.

తెర్వలే. చుక్కల సీసకు మూత పెట్టుకుంట కూసున్నది.

"ఎన్ని దినాల సంది?"

"నీ జాగల కూసున్న కాడికెళ్ళి," అన్నది మెల్లగ. "ఆకు పొద్దుమూకేదాక కత్తిరిస్తె నిద్రొస్తుండె. నర్సుబాయి అత్త ఇచ్చింది. నీకెట్ల చెప్పాలె అమ్మా? నువ్వప్పుడు దాన్ని ఇడువలేక ఏడుస్తుంటివి."

నాకు కోపం రాలే. వస్తె బాగుండు. నా కండ్ల కోసం నేను లేచిన జాగల నా బిడ్డను కూసోపెట్టిన. ఆ జాగల కూసున్నోళ్ళకు ఏం దొరుకుతదో నాకు తెల్వదా? దవాఖానల అంత తెలుసుకొని వచ్చిన దాన్ని, ఇంట్ల ఉన్న బిడ్డను ఒక్కనాడు అడిగిన్నా? రాసిన దాంట్లకెళ్ళి ఈ ముక్క తీసేస్తనన్నది రేణుక. తీయొద్దన్న.

కిటికీ కాడికి గుంజి నోరు తెరిపిచ్చిన. నా కన్నుతోని ఎంత దగ్గరికి పోయినా లోపట నల్లదో ఎర్రదో తెలుస్తలేదు, నీడ అడ్డం వస్తున్నది. చూపు నోటి దాకనే పోయింది, దవడ దాక పోలే. చెయ్యి కడుక్కొని వేలు పెట్టిన. కుడి దవడ, ఎడమ దవడ, చిగుర్ల సందు, అంత మెల్లగ ఒత్తుకుంట పోయిన. ఆమె కండ్లు మూసుకొని ఏడుస్తున్నది.

మెత్తగుండె. అంతట ఇంక మెత్తగనే ఉండె.

"డబ్బీ ఏడున్నది?" అన్న. తెచ్చి ఇచ్చింది, మోరీల పారేసిన. "కాలేజ్ ఫారం ఎప్పటిదాక?" అన్న. ఇంక వారమున్నదన్నది. మా ఆయన తలుపు కాడ నిలవడి అంత వింటున్నడు.

మూతికి ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్న. రేణుకను జరుగుమన్న. "అమ్మా వద్దు, ఎడమ కన్ను" అన్నది. జరుగు అన్న. ఆమె కాడ ఉన్న చాట తీసి నా ఒళ్ళ పెట్టుకొని కూసున్న.